మెయిన్ దించితే చాలదు

“ఏం మాడబెట్టినావే సుప్రజా?”

మా అత్త రామలక్ష్మమ్మ పడసాలలోంచి ఈ కేక వేసినప్పుడు నేను మిద్దె మీద సోలార్ పలకలు తుడుస్తున్నాను. పొయ్యి ఇంకా ముట్టించలేదు. పాలు కూడా తెపాళాలో అట్లాగే ఉన్నాయి. అయినా ఈ ఇంట్లో మాడు వాసన వస్తే అది కోడలి చేతిలోంచే రావాలి. ఓర్వకల్లు గుట్టల మీంచి లేచే దుమ్ము రోజూ వచ్చి మా పలకల మీద కూర్చుంటుంది. తుడవకపోతే కరెంటు తగ్గుతుంది. ఊళ్ళో చెప్పుకునేటప్పుడు కరెంటు పుట్టించేది మా మామ ఓబుళేశు, మా బావ మునీంద్ర, మా ఆయన సుధీర్. తుడిచేది మాత్రం నేనూ, మా తోడికోడలు శివలీలక్కా. బకెట్లతో నీళ్ళు మెట్లెక్కించి, మోకాళ్ళ మీద కూర్చుని, చీర కొంగు తడవకుండా నోట కరుచుకుని తుడుస్తాం. ఫోటో దిగడానికి వచ్చిన రోజు తప్ప ఆ ముగ్గురు మగవాళ్ళలో ఒక్కడు పలకను ముట్టుకోవడం నేను చూడలేదు.

కిందికి దిగాను. వాసన వంటింట్లోంచి కాదు, పెరటి వసారాలోంచి వస్తోంది. అక్కడ కట్టెల పొయ్యి ఉంటుంది, రోలు ఉంటుంది, అంట్లు తోమే నీళ్ళ తొట్టి ఉంటుంది. వాటి పైన గోడకు ఇంటి మొత్తం కరెంటు బోర్డు ఉంటుంది. ముందువైపు గోడకు ఇనుప డబ్బా వేలాడితే ఇంటి దర్జా పోతుందని మా మామ దాన్ని ఆడవాళ్ళ వైపు కొట్టించాడు. కరెంటుంటే అరచెయ్యి పట్టుకుని వదలదు కాబట్టి, చేతి వెనుక భాగాన్ని ఆ డబ్బా తలుపుకు ఆనించాను. రొట్టెల పెనంలా కాగుతోంది.

మా ఇంట్లో మూడు ఇన్వర్టర్లు ఉన్నాయి. కరెంటు కోతలకు తట్టుకోలేక మొదట మామ ఒకటి పెట్టించాడు, బ్యాటరీలతో. తర్వాత బావ కాంట్రాక్టులు పట్టి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక మిద్దె మీద తూర్పు పక్కన తన పలకలు, తన ఇన్వర్టర్ పెట్టించాడు. అన్న పెట్టాడు కాబట్టి తమ్ముడు ఊరుకోకూడదు. “మిద్దెలో నాకు వాటా ల్యాదా ఏంది?” అని మా ఆయన పడమటి పక్కన తనది పెట్టించాడు. పైన ఎండను కొలిచి పంచుకున్నారు. కిందికొచ్చేసరికి మూడింటి తీగలూ ఒకే పాత బోర్డులోకి తోశారు. ఆ బోర్డు మా మామ పెళ్ళినాటిది కాకపోయినా, నా పెళ్ళికి చాలా ముందుది. అది మోయాల్సింది అప్పట్లో ఒక ఫ్రిజ్జు, నాలుగు ఫ్యాన్లు. ఇప్పుడు ఏసీలు, బోరు మోటరు, గడ్డి కత్తిరించే మిషను, పిండి మర.

బోర్డు లోపల ఒక రాగి పట్టీ ఉంటుంది. బస్‌బార్ అంటారు. బయటి కరెంటు గానీ, సోలార్ కరెంటు గానీ, బ్యాటరీ కరెంటు గానీ దాని మీదికే వచ్చి, దాని మీంచే ఇంట్లోకి పోవాలి. ఇంతకు మించి మోయలేను అని దానికొక హద్దు ఉంటుంది. బయటి కరెంటు ఒక్కటే వచ్చే ఇంట్లో ఆ హద్దు దాటేలోపే మెయిన్ స్విచ్చి దానంతటదే పడిపోతుంది. ఇల్లు చీకటవుతుంది, పట్టీ బతుకుతుంది. మా ఇంట్లో నాలుగు పక్కల నుంచి కరెంటు వచ్చి దాని మీద పడుతుంటే మెయిన్‌కు అందులో తన వాటా ఒక్కటే తెలుస్తుంది. అది పడదు. ఒక్కో ఇన్వర్టర్‌కూ అట్లాంటి స్విచ్చే ఒకటుంది, బ్రేకర్ అంటారు. మామ బ్రేకర్ పడదు, బావ బ్రేకర్ పడదు, మా ఆయన బ్రేకర్ పడదు. ఎవరి హద్దులో వాళ్ళు పద్ధతిగానే ఉన్నారు. నడుమ పట్టీ మాత్రం కాగుతూ ఉంటుంది.

నేను దీన్ని పుస్తకంలో చదివి ఊరుకున్నదాన్ని కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, పెళ్ళికి ముందు ఒక సోలార్ ప్లాంటులో పనిచేశాను. అక్కడ పొద్దున ఇన్వర్టర్ల వరసలు ఆపి, తీగలు బిగించి, మళ్ళీ లేపేదాన్ని. మధ్యాహ్నం మీటింగులో అదే నన్ను మేనేజరు టీ పోయమనేవాడు. “ఆడపిల్ల చేత్తో పోస్తే రుచే వేరు” అని పళ్ళికిలించేవాడు. పెళ్ళిచూపుల్లో నా ఉద్యోగం మా అత్తవాళ్ళకు నచ్చింది. పెళ్ళయ్యాక నచ్చలేదు. ఇప్పుడు ఈ వీధిలో ఎవరి మిక్సీ చెడిపోయినా నా దగ్గరికే వస్తుంది. “మా సుప్రజ చూస్తాది లెండి, ఇంజినీరు గదా” అంటుంది మా అత్త గర్వంగా. మిక్సీ ముందు నేను ఇంజినీరును. బోర్డు ముందు నిలబడితే కోడలిని.

ఆ పొద్దున మామ దగ్గరికి పోయి చెప్పాను. “మామా, బోర్డు కాగుతాండాది. ఇప్పుడే రెండు ఇన్వర్టర్లు ఆపాల. సోలార్‌కు వేరేగా ఒక బోర్డు పెట్టుకోవాల. మూడు తీగలూ అందులోకి తెచ్చి, మూడింటికీ బ్రేకర్లు పెట్టి, అక్కడ్నుంచి ఒకే మందమైన తీగ ఇంటి బోర్డుకు తేవాల. ఆ ఇంటి బోర్డూ పెద్దది మార్చాల. బ్యాటరీలది దాంట్లో కలపకూడదు, అది శానా డేంజర్.”

ఆయన నా మాటంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“ఎవురిది ఆపాల?”

బోర్డు కాలిపోతోందా, మనుషులు చస్తారా అని కాదు. ముగ్గురిలో ఎవరిది ఆగాలి. నాకు అప్పుడు అర్థం కాలేదు, అది కరెంటు గురించిన ప్రశ్న కాదని. కాఫీ తాగుతున్న మా బావ మునీంద్ర గ్లాసు దించి మా ఆయన వైపు తిరిగాడు.

“ఏమప్పా సుధీరూ, నీ పెండ్లాం నా ఇన్వర్టర్ ఆపాలంటాదే. నువ్వు చెప్పిచ్చినావా?”

“నేనెందుకు చెప్పిస్తా అన్నా? దానికి పెద్ద తెలుసని. ప్లాంటులో పలకల కింద గడ్డి పీకించేది, ఈడికొచ్చి మనకు పాఠాలు!” మా ఆయన నవ్వాడు. అన్న నవ్వాడు కాబట్టి ఇంకా గట్టిగా నవ్వాడు.

మామ నవ్వలేదు. “రెండు బోర్డులా నా ఇంట్లో?” అన్నాడు. “ఈ పొద్దు బోర్డు వేరంటావు. రేపు పొయ్యి వేరంటావు. ఎల్లుండి నడింట్లో గోడ లేపమంటావు. ఓబుళేశు కొడుకులు వేరు పడినారని ఊరు చెప్పుకోవాల, అంతే గదా నీకు కావాల్సింది? నేను బతికున్నన్నాళ్ళు ఈ ఇంటికి పొయ్యి ఒకటే, బోర్డు ఒకటే. పో, పో, పాలు చూడు.”

ఇదీ మా ఇంటి పరువు. వేరు కుంపటి పెట్టుకున్న ఇల్లు ఎట్లా పలచనవుతుందో, వేరు బోర్డు పెట్టుకున్నా అంతే అని ఆయన లెక్క. ఇద్దరు కొడుకులకూ ఒకరంటే ఒకరికి పడదు, చేను గట్టు దగ్గర మాటలు లేవు, ఒకరి కారు ఒకరు ఎక్కరు. కలిసి ఉన్నారని చెప్పుకోవడానికి మిగిలినవి రెండే, ఆడవాళ్ళు వండే ఆ పొయ్యి, దాని పైన ఆ బోర్డు. రెండూ మా నెత్తిమీదే.

వారం తిరిగేలోపు బావ విందు పెట్టుకున్నాడు. మండలంలో పదవికి నిలబడాలని ఆయనకు ఆశ. పెద్ద మనుషులందరినీ పిలిచి, “మాది సోలార్ ఇల్లు, మొత్తం మా కరెంటే” అని చూపించాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ప్రతి గదిలో ఏసీ వెయ్యాలి, ఐసు డబ్బాలు తిరగాలి, తోటలో నీళ్ళు చిమ్మాలి. విందు ముందటి రాత్రి నేను మా ఆయనకు మళ్ళీ చెప్పాను. మా ఇద్దరి మధ్యే కదా, అన్న లేడు కదా, వింటాడేమో అనుకున్నాను. బొమ్మ గీసి మరీ చూపించాను. మామ బ్యాటరీల ఇన్వర్టర్ ఆ పట్టీకి కరెంటిస్తున్నంతసేపు, బయటి కరెంటు పోయినా మన సోలార్ ఇన్వర్టర్లకు పోయినట్లు తెలీదు, అవీ ఇస్తూనే ఉంటాయి, కాబట్టి మెయిన్ దించినా పట్టీలో కరెంటు ఉంటుంది, ముట్టుకున్నవాళ్ళు చస్తారు అని చెప్పాను. ఆయన బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. నాకు గుర్తుంది, వేలు పెట్టి ఒక తీగ వెంబడి జరుపుతూ పోయి పట్టీ దగ్గర ఆపాడు. “అంటే మెయిన్ దించితే చాలదా?” అన్నాడు. “చాలదు” అన్నాను. తర్వాత దీపం ఆర్పి, “నాయనతో ఎవురు చెప్తారు? పడుకో” అన్నాడు.

విందు నాడు మా పని ఎట్లా మొదలైందో చెప్పాలి. ఎందుకంటే మా ఇంట్లో మమ్మల్ని ఎవరూ హింసించరు. అందరూ చిన్న చిన్న పనులే చెబుతారు. మా అత్తకు కాళ్ళకు నూనె రాయాలి, అంతే. మామకు ఉగ్గాని వేడిగా కావాలి, అంతే. బావకు చొక్కా ఇస్త్రీ, మా ఆయనకు సాక్సులు ఎక్కడున్నాయో చెప్పడం, అంతే. ఓళిగలకు పూర్ణం రుబ్బడం, సంగటి కెలకడం, మాంసానికి మసాలా నూరడం, పలకలు మెరవాలి కాబట్టి మిద్దెక్కి మళ్ళీ తుడవడం. ఒక్కొక్కటీ చూస్తే నిజంగా చిన్నదే. ఎవరితో గోడు చెప్పుకున్నా, “ఇంత మాత్రానికేనా?” అంటారు. వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ బ్రేకర్ పడేంత పెద్ద పని అడగలేదు. శివలీలక్కకు ఆ పొద్దున జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పడుకో అక్కా అంటే, “పడుకుంటే ఇంకా ఎక్కువ మాటలు పడాల, దానికంటే ఇదే మేలు లేమ్మా” అంది.

అంట్లు తోమే రాహేలమ్మ బోర్డు కింద తొట్టి దగ్గర కూర్చుని ఉంది. నేను ఎండు వెదురు కర్ర ఒకటి గోడకు ఆనించి పెట్టాను. “రాహేలమ్మా, ఎవురికైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగొద్దు. ఈ కట్టెతో కొట్టి తప్పించు. తడి కాకుండా చూసుకో” అన్నాను.

“అట్లనే అమ్మా” అంది. ఆ ఇంట్లో నా మాటకు ఆ పొద్దు అడ్డం చెప్పనిది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నానికి బండ్లు వచ్చాయి. తెల్ల చొక్కాలన్నీ హాల్లో కూర్చున్నాయి. ఏసీలు, మోటరు, అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. బోర్డు దగ్గరికి పోతే లోపల్నుంచి సన్నగా చిటపటమని చప్పుడు వస్తోంది, చెనిక్కాయలు వేగుతున్నట్టు. ఇంక ఎవరినీ అడగలేదు. బావది ముట్టుకుంటే అన్నదమ్ముల గొడవ. మామది ముట్టుకుంటే ధిక్కారం. మా ఆయనది నా మొగుడిది, కనీసం దాని మీదైనా నాకు హక్కు ఉంటుందనుకుని దాని బ్రేకర్ దించాను. నేను అనుకున్నట్టే అయింది. అది మోసే బరువంతా బయటి కరెంటు మీద పడి, మెయిన్ తట్టుకోలేక పడింది. ఏసీలు ఆగిపోయాయి. బ్యాటరీల మీద నాలుగు ఫ్యాన్లు మూలుగుతూ తిరిగాయి. పట్టీ చల్లబడుతుంది అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

హాల్లో ఎవరో పెద్దాయన నవ్వు వినిపించింది. “ఏమప్పా మునీంద్రా, సోలార్ అంటివి, ఉడకబెడతాండావు!”

మా ఆయన వసారాలోకి వచ్చాడు. బోర్డు చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాట అడగకుండా చెంప మీద కొట్టాడు. రాహేలమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. అక్క సంగటి గరిటె పట్టుకుని అట్లాగే కూర్చుంది, తల ఎత్తలేదు.

“మా అన్న ముందర నా పరువు తీస్తాండావా? నేనే కావాలని ఆపించినానంటాడు రేపు. లోపలికి నడువు.”

జబ్బ పట్టుకుని పక్కనున్న సామాన్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టాడు. ఆ గదికి వసారాలోకి ఒక కిటికీ ఉంది, ఇనుప కమ్ముల కిటికీ. అందులోంచి చూస్తున్నాను. తన బ్రేకర్ లేపాడు. మెయిన్ లేపాడు. ఏసీలు మళ్ళీ గుర్రుమన్నాయి. చెంగున హాల్లోకి పోయాడు, నవ్వుతూ.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. విస్తర్లు వేసే వేళకు వాసన వచ్చింది. పడసాలలోంచి అత్త అరిచింది, “ఏం మాడబెట్టినారే? పెద్దోళ్ళు తినే పొద్దు గూడా బుద్ధి ల్యాదా?” అక్క ఉలిక్కిపడి సంగటి తెపాళా దించింది. మాడింది అది కాదు. పైన డబ్బా తలుపు సందుల్లోంచి పొగ, తర్వాత మంట. ప్లాస్టిక్ కరిగి బొట్లుబొట్లుగా రోలు మీద పడింది. మగవాళ్ళంతా వసారా వాకిలి దాకా పరుగెత్తుకొచ్చి అక్కడే ఆగిపోయారు. మామ ముందున్నాడు. పక్కన బావ, వెనక మా ఆయన. బోర్డు కింద ఉన్నది అక్క.

“శివలీలా, మెయిన్ దించు! మెయిన్ దించి, ఆ గోనెపట్టా తడిపి కొట్టు!” అని అరిచాడు మామ.

నేను కిటికీ కమ్ములు పట్టుకుని గొంతు చీలేలా అరిచాను. “ముట్టుకోవద్దు అక్కా! మెయిన్ దించినా కరెంటు ఉంటాది! ముట్టుకోవద్దు!”

అక్క ఒక్క క్షణం ఆగింది. నా వైపు కాదు, మామ వైపు చూసింది. కట్టె పుల్లతో మెయిన్ దించింది. గోనెపట్టా తొట్టిలో ముంచింది. కుడి చేత్తో మంట మీద కొట్టింది.

ఆమె అరవలేదు. కరెంటు పట్టుకున్న మనిషి అరవలేడు. పళ్ళు కరుచుకుపోతాయి. ఆమె చెయ్యి ఆ డబ్బాకు అతుక్కుని, ఒళ్ళంతా వణుకుతూ, కాళ్ళు నేల మీద దబదబ కొట్టుకున్నాయి. వాకిట్లో నిలబడిన మగవాళ్ళలో ఒక్కడు అడుగు ముందుకు వెయ్యలేదు. రాహేలమ్మ వెదురు కర్ర తీసుకుని బలంకొద్దీ అక్క మోచెయ్యి మీద కొట్టింది. అక్క విడిపడి రోలు పక్కన పడింది. సంగటి నేలపాలైంది. నా గది గడియ తీసింది కూడా రాహేలమ్మే.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆమె కుడి చెయ్యి ముంజేతి దాకా తీసేశారు.

ఆసుపత్రి వరండాలో విన్న మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌తో మామ చెప్పాడు, “తడి చేతుల్తో ముట్టుకుండాది సార్. ఆడోళ్ళకు కరెంటు గురించి ఏం తెలుస్తాది?” కానిస్టేబుల్ తల ఊపాడు. నేను పక్కనే ఉన్నాను. నన్ను ఏమీ అడగలేదు. బావ ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు, “బతికిందిలే అన్నా. బతికి ఏం లాభం, కుడి చెయ్యి పోయ. ఇంక దేనికి పనికొస్తాది?” లోపల మంచమ్మీద అక్కకు ఆ మాట వినపడేంత దగ్గరలోనే నిలబడి అన్నాడు. మా అత్త కళ్ళొత్తుకుంటూ నా భుజం పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాను.

“నీకు చదువుండాది గదే. అట్ల కాలుతాదని తెలుసు గదా. ముందే మాకెందుకు చెప్పల్యా?”

నేను ఆమె మొహం చూశాను. అబద్ధం ఆడుతున్న మొహం కాదు అది. నిజంగానే ఆమెకు గుర్తులేదు. కోడలి మాట చెవిలో పడి, మెదడు దాకా పోకుండానే కారిపోతుంది కదా. తర్వాత ఆమె ముక్కు చీదుకుని, “ఇంక ఇల్లంతా నువ్వే చూసుకోవాలమ్మా. ఇద్దరి పని ఒక్కదానివే” అంది. ఒక్క చెయ్యి తెగిపోతే ఆ చెయ్యి మోసే బరువు ఇంకో చేతి మీదికి జరపడం వాళ్ళకు ఎంతసేపు! పట్టీ ఇంకా ఒకటి మిగిలింది కదా.

అందరూ పోయాక అక్క దగ్గర కూర్చున్నాను. కట్టు కట్టిన మొండి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. ఆమె చూపు పైకప్పు మీద ఉంది.

“అక్కా, నేను కిటికీలోంచి అరిచినా. నీకు ఇనపడలేదేమో, మంట చప్పుడుకు” అన్నాను. నాకు ఆ మాట అనుకోవడం ఒక ఊరట. వినపడి ఉంటే ఆగేది అని.

“ఇనపడిందే” అంది అక్క.

నేను ఆమె మీదికి వంగాను.

“శానా బాగా ఇనపడింది. ముట్టుకోవద్దంటివి. మామ కొట్టమనె. నీ మాట ఇనింటే ఆ రాత్రికి ఇంట్లో ఏం జరుగుతాదో నాకు తెలుసు. మామ మాట ఇంటే ఏం జరుగుతాదో తెలీదు గదా. తెలిసిన దెబ్బ కంటే తెలీనిది మేలనుకుంటి.” ఎడమ చేత్తో దుప్పటి సర్దుకోబోయింది. అలవాటు లేని చెయ్యి, దుప్పటి జారిపోయింది. నేను సర్దబోతే, “వద్దు, నన్ను చేసుకోనీ” అంది.

కొన్నాళ్ళు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాను. ఇంటికి వచ్చినప్పుడల్లా వంట చేసి, అంట్లు సర్ది, మళ్ళీ బస్సెక్కేదాన్ని. ఒకనాడు పొద్దున వచ్చేసరికి వసారా గోడకు కొత్త డబ్బా మెరుస్తోంది. పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కట్టారు. తలుపు తీసి చూశాను. అంతే సైజు పట్టీ. మూడు ఇన్వర్టర్ల తీగలూ మళ్ళీ అందులోకే. గోడకు అంటిన మసి మీద సున్నం కొట్టించారు. దాని కింద పొయ్యి, రోలు, నీళ్ళ తొట్టి, ఎక్కడివక్కడే ఉన్నాయి.

“వచ్చినావా? సంగటి కెలుకు, మామకు ఆకలైతాంది” అంది అత్త.

నేను పొయ్యి ముట్టించలేదు. మామను, బావను, మా ఆయనను వసారాలోకి పిలిచాను. కోడలు పిలిస్తే వచ్చే అలవాటు ఆ ఇంట్లో లేదు. నా గొంతులో ఏదో కొత్తగా ఉండటం వల్ల వచ్చినట్టున్నారు. వాళ్ళ కళ్ళ ముందే మెయిన్ దించాను. టక్కుమంది.

“మామా, మెయిన్ దించినాను. ఆ పొద్దు అక్కను దించమన్నారే, అట్లనే. కొత్త బోర్డు, చల్లగా ఉండాది. మంట ల్యాదు, పొగ ల్యాదు.” లోపలి మూత మరలు విప్పి తీశాను. రాగి పట్టీ నిగనిగలాడుతూ కనిపించింది. దానికీ ఆయనకూ మధ్యలోనే నిలబడ్డాను. “మీ చేత్తో ఒకసారి ముట్టుకోండి.”

“ఏందే నీ పొగరు?” అన్నాడు బావ. కానీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మామకు కోపం తలకెక్కింది. కోడలు సవాలు చేస్తే వెనక్కి తగ్గే మనిషి కాదు. “మెయిన్ దించినాక ఏముంటాది దాంట్లో, నీ మొహం! ముట్టుకుంటే ఏమైతాది? తప్పుకో పక్కకు!” అని చెయ్యి లేపాడు.

మా ఆయన ఒక్క దూకు దూకాడు. వాళ్ళ నాయన చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు.

“ఒద్దు నాయనా! ముట్టుకోవద్దు! మెయిన్ దించినా లోపల కరెంటు ఉంటాది!”

మామ కొడుకు మొహంలోకి చూస్తున్నాడు. బావ తమ్ముడి వైపు చూస్తున్నాడు. రాహేలమ్మ తోముతున్న చెంబు పక్కన పెట్టింది.

ఆ మాట మా ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేను గీసిన బొమ్మ మీద వేలు పెట్టి జరిపిన నాటి నుంచి తెలుసు. వాళ్ళ నాయన చెయ్యి లేచేసరికి ఎంత తొందరగా నోటికొచ్చింది! అక్క చెయ్యి లేచినప్పుడు, అదే వాకిట్లో, అదే నాయన వెనక నిలబడి ఉన్నాడు. అప్పుడు రాలేదు.

నేను మామ ఇన్వర్టర్ దించాను. బావది దించాను. మా ఆయనది దించాను. పైనుంచి ఎండ కరెంటు తెచ్చే తీగలను ఇన్వర్టర్ల దగ్గర ఆపేశాను. టెస్టరు పెట్టి చూశాను, వెలగలేదు. అప్పుడు నా కుడి అరచెయ్యి ఆ రాగి పట్టీ మీద పెట్టి, వాళ్ళందరూ చూసేదాకా ఉంచి, తీశాను. మూత బిగించి, డబ్బాకు తాళం వేసి, తాళంచెవి రాహేలమ్మ ముందర అందరికీ చూపించి నా సంచిలో వేసుకున్నాను.

ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. పడసాలలోంచి అత్త, “సంగటి ఎవురు కెలుకుతారే?” అని అరుస్తోంది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

“యాడికి పోతాండావు?” అన్నాడు మా ఆయన. ఇంకా వాళ్ళ నాయన చెయ్యి వదల్లేదు.

“పోలీసు స్టేషనుకు. ఇప్పుడు మీ నాయనకు చెప్పినావే, ఆ మాట ఆడ చెప్పేదానికి.”